తూకం అర మీద ఆఖరి పెట్టె

1. కొత్తరేవు

ఉప్పుటేటి రూటు ఇవాళ నాకు అప్పగించారు. ఏడు డిపోలు, ఒక పడవ. వారానికొకసారి సరుకు దించుతుంది, మిగతా రోజులు అవే రేవుల మధ్య తిరుగుతుంది. పడవను గుమస్తా నడుపుతుంది. ముందు భాగంలో ఒక బల్ల మాత్రం మనిషి కోసం ఉంది. రూటుకు ఒక రాసే మనిషి ఉండి తీరాలని చట్టం. చూసింది రాయాలి. విన్నదైతే ఎవరి నోట విన్నదో రాయాలి. సరుకు ముట్టుకోకూడదు.

గుమస్తా మనిషి కాదు. ఆ పేరు జనం పెట్టింది. డిపోల్లో అరలు వాటంతటవే తూకం వేసుకుంటాయి. ఏ అర మీద ఎంత బరువు తగ్గిందో రోజూ తెల్లవారేసరికి గుమస్తాకు చేరుతుంది. వచ్చే పడవలో ఏ డిపోకు ఏం వెయ్యాలో అది తేల్చుకుంటుంది. రోడ్లు సముద్రంలో కలిసిపోయాక బియ్యం, నూనె, బ్యాటరీలు, విత్తనాలు, మందులు అన్నీ ఇలాగే వస్తున్నాయి. గుమస్తా వచ్చాక బియ్యం తప్పిన వారం ఒక్కటి కూడా లేదని కొత్తరేవు డిపో చూసుకునే ఆయన చెప్పాడు.

నన్ను పంపింది నీళ్ల సంచుల సంగతి చూడమని. కిడ్నీలు పనిచేయనివాళ్లు కడుపులోకి ఎక్కించుకుని, కొన్ని గంటలాగి దించేసుకునే మందునీళ్ల సంచులవి. రోజుకు నాలుగు మార్చాలి. పెట్టెకు ఎనిమిది. అంటే ఒక పెట్టె ఒక మనిషికి రెండు రోజులు. ఈ రూటులో పదకొండు మంది వీటి మీద ఉన్నారు. సంచులు చాలడం లేదని మూడు డిపోల నుంచి ఫిర్యాదులు. ఏడు డిపోల్లోనూ సరుకు ఉందని గుమస్తా లెక్క.

"రెండూ నిజం కావడానికి వీల్లేదు కదండీ. ఎవరిది తప్పో చూసి రాయండి," అన్నారు మా పర్యవేక్షకులు పట్నాయక్ గారు.

కొత్తరేవు డిపోలో మందుల అర మీద రెండు పెట్టెలు చూశాను.

"నీళ్ల సంచులు ఉన్నాయా?" అని అడిగాను.

"నేవండి," అన్నాడాయన.

"ఆ రెండూ?"

"అయ్యి ఉన్నయ్యి కాదండి. ఆకరియ్యి."

బియ్యం బస్తాలు దించుకునే పనిలో పడ్డాడు. నేను పడవెక్కాను.

2. మెట్టపేట

ఇక్కడ డిపో సనపల గున్నమ్మది. వయసు నలభై దాటి ఉంటుంది. బస్తాను భుజానికెత్తుకుని మాట్లాడుతూనే మెట్లెక్కుతుంది. నేను పుస్తకం తీయగానే, "ఓలమ్మ, మళ్లీ రాతమ్మ వొచ్చీసింది. పోయినావిడ మా ఊరి గురించి ఏటి రాసిందో ఏటో, అప్పట్నించీ బెల్లం తగ్గిపోనాది," అంది.

బెల్లం సంగతి నాకు తెలియదన్నాను.

"మరి నీకేటి తెలుసు, అప్పా?"

ఆ అర మీద మూడు పెట్టెలున్నాయని తెలుసన్నాను. ఆమె నవ్వు ఆగింది. బస్తా దించి, చేతులు కొంగుకు తుడుచుకుని, లోపలికి తీసుకెళ్లింది. వంటింట్లో బియ్యం డబ్బా మూత తీసి చూపించింది. అడుగున గుప్పెడు బియ్యం ఉన్నాయి.

"రేపు డిపో బియ్యం పోసుకుంటాను. అంతవరకూ ఇయ్యి తియ్యను. మాయమ్మ తియ్యలేదు, ఆవిడ అత్త తియ్యలేదు. ఊరికినే కాదు. గుమ్మంలోకొచ్చి ఆకలన్నోడికి నేదనకూడదు. డిపో అయినా అంతే. ఆకరి పెట్టి మాది కాదు. పరాయి ఊరోడెవుడైనా వొచ్చి అడిగితే ఆడిది."

"మీ ఊరివాళ్లు అడిగితే?"

"మా ఊరోలెలగ అడుగుతారు? ఆల్లకి తెలీదేటి, అది ఆకరిదని?"

రెండేళ్ల కిందట తుఫానుకు ఒక పడవ కొట్టుకొచ్చిందట. అందులో ఒకామె కడుపుకు గొట్టం ఉంది. పేరు, ఊరు ఏమీ చెప్పే స్థితిలో లేదు. ఆఖరి పెట్టె విప్పి ఆమెను బతికించారు. ఇది గున్నమ్మ నోట విన్నది. ఆ మనిషి ఇప్పటికీ విత్తనాలు పంపుతుంటుందని చెబుతూ ఒక మూట చూపించింది. మూట చూశాను.

"ఆఖరి పెట్టె ఒకటే కదా. ఇక్కడ మూడున్నాయి."

"పెట్టిలు తక్కువగా వొత్తన్నాయి. తగ్గుతుంటే గుండె గుబేల్మంటాది. ఒకటి రెండు చేసినాం, రెండు మూడు చేసినాం. అర ఖాళీగా కనపడితే గుమస్తా గారు డిపో మూసీత్తాడు. కళింగరేవుది మూసీనాడు కాదేటి?"

ఈ ఊళ్లో సంచుల మీద ఇద్దరున్నారు. రోజుకు ఎన్ని వాడుతున్నారని అడిగాను.

"మూడు," అంది. "ఒకోరోజు రెండు."

3. నీలాపుట్టుగ

పడవ ఆగేసరికి గేదెల దాలయ్య రేవు మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. డిపో ఆయనదే. యాభై అయిదేళ్లు. బస్తాలు దించింది ఆయన భార్య పారమ్మ, పక్కింటివాళ్లు. ఆయన లేవలేదు. పాదాలు వాచి చర్మం మెరుస్తోంది. వేలితో నొక్కి చూపించాడు. గుంట చాలాసేపు అలాగే ఉండిపోయింది.

దాలయ్య కూడా ఆ పదకొండు మందిలో ఒకడు.

"రోజుకు ఎన్ని?" అన్నాను.

"రెండు."

"డాక్టరు చెప్పింది నాలుగు కదా."

"డాక్టరు బాబు నాలుగన్నాడు. గుమస్తా బాబు రెండన్నాడు. ఎవుడి మాటా తీసీలేం కదమ్మా."

డిపో శుభ్రంగా ఉంది. నాలుగు తూకం అరలు, గోడకొక గూడు, గూట్లో దీపం. మందుల అర మీద మూడు పెట్టెలు. అట్ట మీద దుమ్ము లేదు. రోజూ తుడుస్తానని పారమ్మ చెప్పింది. పెట్టెలను అరచేతి మందం కూడా జరపనని, బరువు తేడా కనబడుతుందేమోనని భయమని చెప్పింది. చెబుతూ వాటి వైపు చూడలేదు.

"ఇంట్లో మనిషి కాళ్లు ఇలగున్నాయి. ఆ మూడూ అక్కడున్నాయి. రోజూ గుడ్డట్టుకుని తుడుత్తాను. అంతకుమించి నానేటి చెయ్యను?"

"నోరు మూసుకోయే," అన్నాడు దాలయ్య, కసిరినట్టు కాకుండా.

ఆ మూడింటిలో ఒకటి వాడుకోమని ఎవరైనా చెప్పారా అని అడిగాను. అందరూ చెప్పారట. తను వాడుకుంటే రేపెవరో రేవులో దిగి అడిగినప్పుడు మొహం ఎక్కడ పెట్టుకోవాలని ఆయన ప్రశ్న. డిపో అప్పగించిన రోజున ఊరు తన మీద నమ్మకం పెట్టింది సరుకు పంచుతాడని, తింటాడని కాదన్నాడు.

పడవలో ఈ వారం నీలాపుట్టుగకు వచ్చిన సంచుల పెట్టెలు రెండు. ఊళ్లో వాడేవాళ్లు ఇద్దరు. దాలయ్య, మూడిళ్ల అవతల ఎర్రమ్మ. పెట్టెలు నా కళ్ల ముందే చెరొకటి పంచారు. వారానికి ఒక్కొక్కరికి ఎనిమిది సంచులు. కావలసినవి ఇరవై ఎనిమిది. అంతకుముందు దాచుకున్నవి కలిపి సర్దుకుంటున్నామన్నారు. ఆ దాచుకున్నవి ఎన్నాళ్లొస్తాయని అడిగితే పారమ్మ మాట మార్చింది.

ఎర్రమ్మ ఇంటికీ వెళ్లాను. మంచం మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. ఊపిరి బరువుగా ఉంది. నా పుస్తకం చూసి, "నా గురించి బావున్నాననే రాయమ్మా. బాగోలేదని రాత్తే ఆ గుమస్తా నన్ను లెక్కలోంచి తీసీగలడు," అంది.

బాగుందని రాయలేనన్నాను.

"పోనీ చింతపండు తీస్తందని రాయి. అది అబద్ధం కాదు కదా."

చింతపండు గింజలు తీస్తోంది.

4. నీలాపుట్టుగ, మరుసటి వారం

ఎర్రమ్మ పోయింది. సరుకు పడవ రావడానికి ముందురోజు పొద్దున. ఊపిరితిత్తుల్లోకి నీరు చేరిందని ఊరి నర్సు రాసిన కాగితం చూశాను.

దాలయ్య చెప్పింది ఇది. ఆమె ఆయాసపడుతోందని తెలిసి, అంతకు రెండు రోజుల ముందు ఆఖరి పెట్టెల్లో ఒకటి పక్కింటివాళ్లతో మోయించుకుని వెళ్లాడు. ఆమె గుమ్మం దాటనివ్వలేదు.

"నా ఊళ్లో నాకే ఆకరి పెట్టి ఇత్తావేటిరా, రేపు నా పిల్లల్ని ఏటంటారో తెలుసా, పడవొస్తాది కదా, ఆగుతాను, అనీసింది. నాను గుమ్మంలో పెట్టీసి రావాల్సింది. రాలేదు. మళ్లీ మోయించుకొచ్చి అర మీదెట్టీసినాను."

ఏటి అవతల చితి నుంచి ఇంకా పొగ వస్తోంది. డిపో అర మీద మూడు పెట్టెలున్నాయి. ఎర్రమ్మ ఇంటి నుంచి ఆ అర వరకు నడిచి చూశాను. దారిలో ఒక బోరింగు, రెండు వాకిళ్లు.

ఈ వారం నీలాపుట్టుగకు పడవలో వచ్చిన సంచుల పెట్టె ఒకటి.

5. పడవ మీద

పట్నాయక్ గారితో రేడియోలో మాట్లాడాను. ఆయన గుమస్తా రాసుకున్న కారణాలు తెప్పించి చదివి వినిపించారు. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

డిపోలో ఏ సరుకైనా ఆరు వారాలు కదలకుండా ఉంటే ఆ సరుకు అక్కడ అక్కర్లేదని గుమస్తా అనుకుంటుంది. పోయిన ఏడాది అమ్ముడుపోని గొడుగుల నుంచీ, మొలకెత్తని విత్తనాల నుంచీ నేర్చుకున్న పాఠం అది. ఆ సరుకు కొంచెం తగ్గించి పంపుతుంది. తగ్గించినా అర మీద పెట్టె అలాగే ఉంటే తను తగ్గించింది సరైనదేనని నమ్ముతుంది. ఇంకొంచెం తగ్గిస్తుంది. రోగులు నాలుగు సంచుల బదులు మూడు, మూడు బదులు రెండు వాడితే వాడకం తగ్గిందని రాసుకుంటుంది.

"అంటే ఆఖరి పెట్టె అర మీద ఉన్నంతకాలం ఇది ఆగదు," అన్నాను.

"నేను అలా అనలేదండి. యంత్రం తప్పు చేయలేదు అంటున్నాను. దానికి కనిపించింది బరువు. బరువు ఉంది."

"ఎర్రమ్మ పోయింది."

"నమోదైంది. గుమస్తా రూటు అవసరాన్ని పదిమందికి సవరించింది." కాగితం తిప్పిన చప్పుడు వినిపించింది. "నేను సవరించలేదండి. అది సవరించింది."

చేత్తో ఎక్కువ పెట్టెలు వేయించలేరా అని అడిగాను. అర మీద సరుకు ఉన్న డిపోకు చేత్తో వేసే అధికారం ఎవరికీ లేదన్నారు. ఆ అధికారం ఉన్న రోజుల్లో మందులు ఎక్కడికి పోయేవో నాకు తెలియంది కాదు. ఆ రోజుల్లో నేను పత్రికలో రాసేదాన్ని. అందుకే వాదించలేదు.

కళింగరేవు డిపో మూసిన కాగితాలు కావాలని అడిగాను. ఫొటోలతో సహా పంపారు.

6. మెట్టపేట

గున్నమ్మకు ఫొటో చూపించాను. కళింగరేవు డిపో మూసిన రోజు తీసింది. ఊరు ఊరంతా పైకి తరలిపోయాక తాళం వేశారు. అరలు కనిపిస్తున్నాయి. మందుల అర మీద ఒక పెట్టె ఉంది.

ఆమె ఫొటోను దగ్గరికి తీసుకుని, దూరం పెట్టి, మళ్లీ దగ్గరికి తీసుకుంది.

"ఆకరి పెట్టి ఉన్నాదే!"

"ఉంది."

"మరి ఖాళీ అయినాదని మూసినారన్నారు?"

"ఎవరన్నారు?"

ఆలోచించింది. ఎవరన్నారో ఆమెకు గుర్తుకు రాలేదు.

ఆ తరవాత పట్నాయక్ గారు చదివింది మొత్తం చెప్పాను. రాసే మనిషి సరుకు ముట్టుకోకూడదని చట్టంలో ఉంది. తెలిసింది చెప్పకూడదని లేదు. గున్నమ్మ గుమ్మంలో కూర్చుంది. అర వైపు చూసి, "అయితే ఎర్రమ్మని సంపింది ఈ పెట్టిలేనా?" అంది.

పుస్తకం మూశాను. అది నేను చూసింది కాదు.

"దాలి బావ కాళ్లెలగున్నాయి?"

వాపు మోకాళ్ల దాకా వచ్చిందన్నాను. మొన్నటి నుంచి అన్నం ముద్ద దిగడం లేదని, పడుకుంటే ఊపిరాడక కూర్చునే నిద్రపోతున్నాడని, ఎర్రమ్మకు కూడా ముందు అలాగే అయిందని నర్సు చెప్పిన మాట కూడా చెప్పాను. ఆయన దగ్గర మిగిలిన సంచులు మళ్లీ సరుకు వచ్చేదాకా సరిపోవు.

"ఆడు ఆకరి పెట్టి ముట్టడు. మొండోడు. మా అప్పని పెళ్లాడతానని మూడేళ్లు మా నాన్న గుమ్మంలో కూర్చున్నాడు." పారమ్మ ఈమెకు అక్క అని నాకు అప్పుడే తెలిసింది. గున్నమ్మ లేచి నిలబడింది. "నీ పడవెప్పుడు కదులుతాది?"

"ఇంకో పావుగంటలో."

"బల్ల మీద ఇద్దరం పడతామేటి?"

ఇరుకుగా పట్టాం.

7. నీలాపుట్టుగ

జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

గున్నమ్మ రేవులో దిగి, నేరుగా డిపో లోపలికి వెళ్లకుండా గుమ్మం బయట నిలబడింది. దాలయ్య లోపల గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు.

"ఇంటివోరూ!" అని పిలిచింది.

"ఏటే గున్నా, లోపలికి రా."

"గున్న ఎవులు? నాను పరాయి ఊరి మనిషిని. మాది మెట్టపేట. మా ఊళ్లో కడుపుకి గొట్టం ఉన్నోలు ఇద్దరున్నారు, ఆల్లకి సంచుల్లేవు. మీ దగ్గర ఆకరి పెట్టి ఉన్నాదని తెలిసి వొచ్చినాను. ఇప్పించండి."

దాలయ్య ఆమె వైపు చూశాడు. నా వైపు చూశాడు.

"నాటకాలాడతన్నావేటి?"

"మెట్టపేట నీ ఊరేటి? కాదు కదా. నాను అడిగినానా? అడిగినాను కదా. నేదంటావేటి, అనేయ్. రాతమ్మ రాసుకుంటాది. గేదెల దాలయ్య గుమ్మంలోకొచ్చినోల్ని నేదన్నాడని."

"నీ అర మీద మూడున్నాయి కదే!"

"అయ్యి నాయ్యా? ఎవుడో పరాయోడియ్యి."

ఆయన నవ్వాడు. నవ్వుతుంటే దగ్గొచ్చింది, దగ్గు ఆగడానికి సమయం పట్టింది. పారమ్మ మంచినీళ్లు తెచ్చింది. తాగి చెంబు పక్కన పెట్టాడు.

"తీసుకెళ్లు. మూడూ తీసుకెళ్లు. అడిగినోలకి ఇయ్యడానికే ఉంచినాం."

గున్నమ్మ మూడు పెట్టెలూ ఒకదాని మీద ఒకటి పెట్టుకుని బయటికి తెచ్చింది. అర ఖాళీ అయిందని చెప్పే మిణుగురంత ఎర్ర లైటు వెలిగింది. ఆ డిపో పెట్టాక ఆ లైటు వెలగడం తను చూడలేదని పారమ్మ చెప్పింది.

గున్నమ్మ గుమ్మంలోనే నిలబడి, అక్కను పిలిచింది.

"అప్పా, చెప్పులేసుకో. మా ఊరొచ్చి అడుగు."

పారమ్మ కదల్లేదు. దాలయ్య తల అడ్డంగా ఊపాడు. ఒకరి కోసం అడగడం వేరు, తన కోసం ఇంటి మనిషిని పంపి అడిగించుకోవడం వేరన్నాడు. ఆ మాట పూర్తిగా అనలేకపోయాడు. ఆయాసం.

"నీకోసం కాదు," అంది పారమ్మ. ఆమె గొంతు పెద్దగా వినడం నాకు అదే మొదటిసారి. "ఎర్రమ్మ నీకు చెప్పినాది కదా, పడవొస్తాది, ఆగుతాననీసి. నువ్వూ అదే చెప్తన్నావు. నానింక గుడ్డట్టుకుని పెట్టిలు తుడవను. నాకోసం అడుగుతాను. నా ఇంట్లో మనిషి ఉండాల. పరాయి ఊరెళ్లి నాకోసం అడుగుతాను. ఏటంటావు?"

పారమ్మ చెప్పులేసుకుంది.

8. ఏడు డిపోలు

తరవాతి మూడు రోజులు పడవ వెళ్లిన ప్రతిచోటా నేను ఉన్నాను. మెట్టపేటలో పారమ్మ గుమ్మం బయట నిలబడి అడిగింది. గున్నమ్మ, "ఏ ఊరమ్మా మీది, ఎంత దూరం నుంచొచ్చినారు," అని అడిగి, మంచినీళ్లిచ్చి, తన అర మీది మూడు పెట్టెలూ ఇచ్చింది. ఇద్దరూ నవ్వలేదు. ఆ సాయంత్రమే దాలయ్యకు నాలుగో సంచి ఎక్కింది.

ఆ కబురు పడవకంటే ముందు వెళ్లింది. ప్రతి ఊళ్లో ఎవరో ఒకరు పక్క ఊరికి బయలుదేరారు. కొత్తరేవు ఆయన మొదట ఒప్పుకోలేదు. ఆయన గుమ్మంలోకి ముగ్గురు వచ్చి అడిగేసరికి, "నాకు ముందే తెలుసు, మీరందరూ కలిసి నన్ను ముంచడానికే వొచ్చినారు," అంటూ రెండు పెట్టెలూ ఇచ్చేసి, చొక్కా వేసుకుని తనూ పక్క ఊరికి అడగడానికి వెళ్లాడు.

మూడో రోజు ముగిసేసరికి ఏడు డిపోల్లోనూ సంచుల అరలు ఖాళీ. పదిమందీ నాలుగేసి సంచులు వాడుతున్నారు. పది ఇళ్లకూ వెళ్లి చూశాను. ఖాళీ సంచులూ, మిగిలినవీ లెక్కపెట్టాను. ఉన్నవి అయిపోతే తరవాత ఏమీ లేదు. పొయ్యి దగ్గరా, రేవులోనూ మాటలు తగ్గాయి.

9. పడవ మీద

పట్నాయక్ గారు రేడియోలో గట్టిగా మాట్లాడారు. రూటంతా ఒకేసారి సున్నాకు వచ్చిందని, ఇలాంటిది ఇంతకుముందు జరగలేదని, గుమస్తా సరుకు వేయకుండా ఆపి మనిషి మాట కోసం చూస్తోందని చెప్పారు.

"సరుకు పక్కదారి పట్టిందని అనుకుంటోంది. దొంగతనమైనా అవ్వాలి, కూడబలుక్కున్న నాటకమైనా అవ్వాలి. మీరు కారణం రాస్తేనే పెట్టెలు కదులుతాయి. నేను ఒకటే చెప్తున్నా. నాటకమని రాస్తే ఈ వాడకాన్ని అది లెక్కలోకి తీసుకోదు."

"నాటకం కాదని రాయమంటారా?"

"ఏం రాయమనీ నేననను. నాకు ఆ అధికారం లేదు." కొంచెం తగ్గి, "పది కుటుంబాలు కదండీ," అన్నారు.

బల్ల మీద కూర్చుని రెండుసార్లు రాసి కొట్టేశాను. పడవ కదుల్తూనే ఉంది. చివరికి పంపింది ఇది:

"ఏడు ఊళ్లవాళ్లు పక్క ఊళ్లకు వెళ్లి ఆఖరి పెట్టెలు అడిగారు. అడిగినవాళ్లకు ఇచ్చారు. ఇచ్చినవన్నీ రోగుల ఇళ్లకే చేరాయి, వాళ్లే వాడుతున్నారు. ఖాళీ సంచులూ, మిగిలినవీ నేను లెక్కపెట్టాను. ఒక్కటి కూడా తక్కువ లేదు. వాళ్లు కూడబలుక్కున్నారు. కూడబలుక్కోకముందు అవే పెట్టెలు అరల మీద కదలకుండా ఉన్నాయి, వాటికి మూడిళ్ల అవతల ఎర్రమ్మ అనే మనిషి సంచులు చాలక చనిపోయింది. ఆఖరి పెట్టెను తమ కోసం వాడుకోకపోవడం ఇక్కడి పద్ధతి. ఆ పద్ధతి అర మీద బరువుగా కనిపించింది. ఆ బరువు సరుకు కాదు."

పంపాక మళ్లీ చదువుకున్నాను. ఆఖరి వాక్యం నేను చూసింది కాదు, అనుకున్నది. తీసేయడానికి అప్పటికే ఆలస్యమైంది.

10. నీలాపుట్టుగ

దాలయ్య దగ్గర ఒక్క సంచి మిగిలి ఉండగా సరుకు పడవ వచ్చింది. రేవు మెట్ల మీద ఊరు ఊరంతా నిలబడి ఉంది. మొదట బియ్యం దిగింది. తరవాత నూనె. తరవాత ఎవరూ అడగని లాంతర్లు దిగాయి. ఒకాయన వాటిని చూసి బూతు తిట్టాడు. వాటి వెనక సంచుల పెట్టెలు ఉన్నాయి. నీలాపుట్టుగకు నాలుగు.

పారమ్మ మొదటి పెట్టెను తనే ఎత్తుకుంది. ఎవరినీ సాయం పట్టనివ్వలేదు.

పెట్టెలతో పాటు ఒక ఉత్తర్వు కూడా వచ్చింది. ఇక మీదట తూకం అరల మీద ఏ పెట్టెనూ ఆఖరిదని పక్కన ఉంచకూడదు. ఉంచితే డిపో బాధ్యత నుంచి తప్పిస్తారు. అరలు చూసి రాయాల్సింది నేను. తూకం లేని అర ఒకటి ప్రతి డిపోకూ ఇవ్వాలని కోరుతూ రాశాను. దానికి ఏర్పాటు లేదని సమాధానం వచ్చింది.

ఉత్తర్వు దాలయ్యకు చదివి వినిపించాను. రెండోసారి చదవమన్నాడు. చదివాను.

"అరల మీద అన్నారు కదమ్మా," అన్నాడు.

"అవును."

"ఇంట్లో అన్లేదు."

"అనలేదు."

"మరింకేటి," అని కళ్లు మూసుకున్నాడు.

11. నీలాపుట్టుగ, ఆ తరవాతి నెల

దాలయ్య కాళ్ల వాపు తగ్గింది. కర్రతో రేవు దాకా నడుస్తున్నాడు. మెట్లు దిగడం లేదు. అన్నాళ్లు సరిగా మార్చుకోకపోవడం వల్ల గుండె దెబ్బతిందని, అది వెనక్కి రాదని నర్సు చెప్పింది. ఆ మాట ఆయన ముందే చెప్పింది. "అయితే నా బస్తాలు ఇంకెవుడో మోస్తాడన్నమాట," అన్నాడాయన.

ఎర్రమ్మ ఇంటి మీదుగా వచ్చాను. తలుపు తీసి ఉంది. కూతురు అరుగు మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. పలకరించాను. తలెత్తి చూసి, మళ్లీ పనిలో పడింది.

డిపో తనిఖీ చేశాను. తూకం అరలు నాలుగు. నాలుగూ చూశాను. ఉత్తర్వుకు విరుద్ధంగా ఏమీ లేదు. సంచుల అర మీద పెట్టెలు వారం వారం కదులుతున్నాయి.

గోడలో ఉన్న గూటికి ఈసారి పాత చీర ముక్కతో తెర కట్టి ఉంది. గూడు తూకం వేయదు. అది అర కాదు. ఉత్తర్వులో గూటి ప్రస్తావన లేదు.

నేను పుస్తకం మూస్తుండగా పారమ్మ సాయంకాలం దీపం వెలిగించింది. అది ఇదివరకు గూట్లో ఉండేది. ఇప్పుడు గుమ్మం పక్కన నేల మీద పెట్టింది, ఏటి మీద వచ్చేవాళ్లకు కనపడే వైపు. ఎందుకు మార్చావని నేను అడగలేదు.